గురుత్వానికి ఒక్క సంఖ్య చాలదా? స్కేలార్ సిద్ధాంతాలు ఎక్కడ ఓడాయి, ఎక్కడ మిగిలాయి

అరిజోనాలోని కిట్ పీక్ కొండ మీద నుంచి కోటీ 40 లక్షలకు పైగా గెలాక్సీలను, క్వాజార్లను (సుదూర గెలాక్సీల అతి ప్రకాశవంతమైన కేంద్రాలను) కొలిచిన డెసీ సర్వే 2025 మార్చిలో రెండో విడత ఫలితాలు బయటపెట్టింది. విశ్వ వ్యాకోచాన్ని వేగవంతం చేస్తున్న డార్క్ ఎనర్జీ కాలంతో పాటు మారుతోందేమో అనడానికి అందులో కొన్ని ఆనవాళ్లున్నాయి. ఇక "ఐన్‌స్టీన్ తప్పా?" అనే వీడియోలకు కొదవ లేదు. వాటిలో మాటిమాటికీ వినిపించే పేరు స్కేలార్ ఫీల్డ్.

ఈ ఒక్క పేరు కింద మూడు వేర్వేరు సంగతులు కలిసి తిరుగుతున్నాయి. గురుత్వాకర్షణ మొత్తం స్కేలారే అన్నది మొదటిది. వందేళ్ల కిందటే దాని పని అయిపోయింది. ఐన్‌స్టీన్ సిద్ధాంతాన్ని ఉంచి, దానికి తోడుగా ఒక స్కేలార్‌ను చేర్చడం రెండోది. ఇది బతికే ఉంది, కాకపోతే చాలా ఇరుకు సందులో. గురుత్వ నియమాల జోలికి పోకుండా విశ్వమంతా పరుచుకున్న ఒక స్కేలార్‌ను ఊహించడం మూడోది. డెసీ వార్తల్లో ఎక్కువగా వినిపించేది ఈ మూడోదే. మొదటిదాన్ని కొట్టేసిన ఆధారాలు చూపించి మూడోదాన్ని కొట్టేసేవాళ్లూ ఉన్నారు, మూడోదాని వార్త చూపించి మొదటిదాన్ని లేపేవాళ్లూ ఉన్నారు. అందుకే వరసగా చూద్దాం.

స్కేలార్ అంటే ఏమిటి, న్యూటన్ దగ్గర అది ఎక్కడుంది

మే నెలలో టీవీలో వాతావరణ వార్తలు చూడండి. మ్యాపు మీద రామగుండం దగ్గర ఒక సంఖ్య, విశాఖ దగ్గర ఇంకో సంఖ్య. ప్రతి చోటుకీ ఒక్క సంఖ్య చెబితే చాలు, దిక్కుతో పని లేదు. అది స్కేలార్ ఫీల్డ్, మన ఇంటర్ పుస్తకాల భాషలో అదిశ క్షేత్రం. గాలి సంగతి అలా కాదు, ఎంత వేగమో చెప్పాలి, ఏ వైపో కూడా చెప్పాలి. అది వెక్టర్, అంటే సదిశ.

న్యూటన్ గురుత్వాకర్షణను బలంగా నేర్చుకుంటాం కాబట్టి అది సదిశ అనుకుంటాం. లోపల ఉన్నది మాత్రం స్కేలారే. ప్రతి బిందువు దగ్గరా పొటెన్షియల్ అనే ఒక్క సంఖ్య ఉంటుంది. అది చోటును బట్టి ఎంత నిటారుగా మారుతుందో అదే బలం. ద్రవ్యం ఎక్కడ ఎంత ఉందో చెబితే ఆ సంఖ్యను లెక్కగట్టే సమీకరణం పాయిజాన్‌ది. కాంతి వేగపు వర్గంతో భాగిస్తే ఈ పొటెన్షియల్ ఎంత చిన్నదో తెలుస్తుంది. భూమి ఉపరితలం దగ్గర అది వంద కోట్లలో 0.7 వంతు. సూర్యుడి ఉపరితలం దగ్గర పది లక్షల్లో 2 వంతులు. ఇంత బలహీనమైన చోట న్యూటన్ లెక్క దాదాపు తప్పదు. చంద్రుడి మీదకు వెళ్లడానికీ అదే సరిపోయింది.

ఐన్‌స్టీన్ 1915లో పూర్తి చేసిన సాధారణ సాపేక్ష సిద్ధాంతంలో ప్రతి బిందువుకీ ఒక్క సంఖ్య కాదు, పది సంఖ్యలు కావాలి. స్థలకాలంలో దూరాలను, వ్యవధులను కొలిచే మెట్రిక్ టెన్సర్ అది. న్యూటన్‌కి ఒకటి చాలినప్పుడు పదికి ఎందుకు ఎగబాకాలి? ఒక్క సంఖ్యనే సాపేక్షతకు తగ్గట్టు సరిచేసుకుంటే పోదా? ఇది అమాయకపు ప్రశ్న కాదు. 1907 నుంచి 1914 దాకా చాలామంది సీరియస్‌గా వేసుకున్న ప్రశ్న. వాళ్లలో ఐన్‌స్టీన్ కూడా ఒకడు. 1911, 1912లలో చోటును బట్టి మారే కాంతి వేగాన్నే గురుత్వ పొటెన్షియల్‌గా పెట్టుకుని ఆయన ఒక స్కేలార్ సిద్ధాంతం రాశాడు. మాక్స్ అబ్రహాం ఇంకొకటి రాశాడు. ఇద్దరూ పత్రికల్లో గట్టిగానే తగువు పడ్డారు.

1905 తర్వాత న్యూటన్ సమీకరణానికి వచ్చిన ఇబ్బంది

పాయిజాన్ సమీకరణంలో కాలం లేదు. సూర్యుడు కాస్త జరిగితే ఆ సంగతి భూమికి అదే క్షణంలో తెలిసిపోతుంది. కాంతికి 8 నిమిషాలకు పైగా పట్టే దూరం అది. ఏదీ కాంతిని మించిన వేగంతో పోదనే ఐన్‌స్టీన్ 1905 సిద్ధాంతం, ప్రత్యేక సాపేక్షత, దీన్ని ఒప్పుకోదు. దీనికి మందు సులువే. సమీకరణంలో కాలానికి కూడా చోటిస్తే, మార్పు కాంతి వేగంతో అలలా వ్యాపిస్తుంది.

అసలు తలనొప్పి సమీకరణం అవతలి వైపున ఉంది. గురుత్వాన్ని పుట్టించేది ఏమిటి? న్యూటన్ ద్రవ్యం అన్నాడు. ద్రవ్యమూ శక్తీ ఒకటే అని 1905లో తేలింది కాబట్టి శక్తి అనాలి. శక్తి చూసేవాడిని బట్టి మారుతుంది. పరుగెత్తే రైల్లోంచి చూస్తే ఒకలా, ప్లాట్‌ఫారం మీంచి చూస్తే ఇంకోలా ఉంటుంది. స్కేలార్ అందరికీ ఒకేలా కనబడాలి. అలాంటి సంఖ్య శక్తి లెక్కల్లోంచి ఒక్కటే సహజంగా దొరుకుతుంది: శక్తి సాంద్రతలోంచి మూడు దిక్కుల పీడనాలను తీసేయగా మిగిలేది. ఒక ఘనపు మీటరులో ఉన్న శక్తి మైనస్ మూడు రెట్ల పీడనం అనుకోండి. భౌతిక శాస్త్రవేత్తలు దీన్ని ట్రేస్ అంటారు. ఈ ట్రేస్ దగ్గరే స్కేలార్ సిద్ధాంతం తలరాత రాసిపెట్టి ఉంది.

మరి విద్యుదయస్కాంతం లాగా సదిశ సిద్ధాంతం రాసుకోవచ్చు కదా? కుదరదు. సదిశ క్షేత్రంలో ఒకే జాతి ఆవేశాలు వికర్షించుకుంటాయి, ద్రవ్యరాశులేమో ఆకర్షించుకుంటాయి. క్వాంటం భాషలో స్పిన్ 1 ఉన్న క్షేత్రం సజాతులను తోసేస్తుంది, స్పిన్ 0 గానీ స్పిన్ 2 గానీ ఉన్నది దగ్గరకు లాగుతుంది. స్పిన్ 0 స్కేలార్, స్పిన్ 2 ఐన్‌స్టీన్ టెన్సర్. పోటీ ఈ రెండింటి మధ్యే.

హెల్సింకీ నుంచి వచ్చిన గట్టి పోటీదారు

ఆ రోజుల్లోని స్కేలార్ సిద్ధాంతాల్లో అన్నిటికంటే మెరుగైనది ఫిన్లాండ్ శాస్త్రవేత్త గున్నార్ నార్డ్‌స్ట్రోమ్‌ది. 1912లో ఒక రూపం ఇచ్చాడు, 1913లో దాన్ని సరిదిద్ది రెండో రూపం ఇచ్చాడు. ఆ సరిదిద్దుకోవడం వెనుక ఐన్‌స్టీన్ వేసిన ఒక మంచి మెలిక ఉంది.

లోపలి గోడలన్నీ అద్దాలుగా ఉన్న పెట్టెలో కాంతిని బంధించారనుకోండి. పెట్టెను ఒక సొరంగంలో కిందికి దించుతారు. కాంతి నాలుగు వైపులా తోస్తుంటే గోడలు బిగుసుకుని పట్టుకుంటాయి. గోడల్లోని ఆ బిగువు కూడా ట్రేస్ లెక్కలోకి వస్తుంది కాబట్టి పెట్టెకు లోపలి కాంతి శక్తికి తగ్గ పూర్తి బరువు ఉంటుంది. కింద చేరాక పక్క గోడలను వదిలేసి, సొరంగం గోడలనే అద్దాలుగా వాడుకుని, పైనా కిందా రెండు పళ్లేల మధ్య అదే కాంతిని పైకి లాగుతారు. ఇప్పుడు కదిలే సామగ్రిలో నిలువు బిగువు ఒక్కటే ఉంది. బరువు మూడో వంతే! పూర్తి బరువుతో దింపి, మూడో వంతు బరువుతో ఎత్తితే ప్రతి చుట్టుకీ ఊరికే శక్తి మిగులుతుంది. ప్రకృతిలో అలాంటి ఉచిత పథకం లేదు. కాబట్టి స్కేలార్ సిద్ధాంతం తప్పు అన్నాడు ఐన్‌స్టీన్.

నార్డ్‌స్ట్రోమ్ జవాబు నాకు చాలా ఇష్టం. పొటెన్షియల్ మారితే వస్తువుల పొడవులు కూడా మారతాయని ఆయన తీసుకున్నాడు. అప్పుడు సొరంగం వెడల్పు అంతటా ఒకేలా ఉండదు. పైకి లాగుతున్నప్పుడు కాంతి పక్క గోడలను తోస్తూ చేసే పని లెక్కలోకి వస్తుంది, మిగులు ఆవిరైపోతుంది. ఐన్‌స్టీన్ తన అభ్యంతరాన్ని వెనక్కి తీసుకున్నాడు. 1913 సెప్టెంబరులో వియన్నాలో ఇచ్చిన ప్రసంగంలో, తాను గణితవేత్త గ్రాస్‌మన్‌తో కలిసి రాస్తున్న సిద్ధాంతానికి నిజమైన ప్రత్యామ్నాయంగా నార్డ్‌స్ట్రోమ్ సిద్ధాంతాన్నే నిలబెట్టాడు.

పొడవులు మారాయంటే జ్యామితి మారినట్టే. 1914లో ఐన్‌స్టీన్, డచ్ శాస్త్రవేత్త అడ్రియాన్ ఫోకర్ కలిసి ఈ సిద్ధాంతం మొత్తాన్ని ఒకే ఒక్క వాక్యానికి కుదించారు: స్థలకాలపు వక్రత ట్రేస్‌కు అనులోమానుపాతంలో ఉంటుంది. గురుత్వమంటే వక్రత అనే సమీకరణం సాధారణ సాపేక్షత పూర్తి కావడానికి ఏడాదిన్నర ముందే, అదీ ఒక స్కేలార్ సిద్ధాంతం రూపంలో వచ్చిందన్నమాట. శక్తి నిత్యత్వం ఉంది, అన్ని వస్తువులూ ఒకే త్వరణంతో పడతాయి, బరువైన నక్షత్రం నుంచి వచ్చే కాంతి ఎరుపు వైపు జరుగుతుంది. లోపలి తర్కంలో ఒక్క పగులు కూడా లేదు. దీన్ని ఓడించడానికి ఆకాశం వైపు చూడాల్సి వచ్చింది.

కాంతి పక్కగా పోతే పట్టించుకోని గురుత్వం

కాంతికి పీడనం ఉంటుంది. అన్ని దిక్కులా తిరుగాడే కాంతి శక్తి సాంద్రత 3 యూనిట్లు అయితే పీడనం 1 యూనిట్ ఉంటుందని మాక్స్‌వెల్ సమీకరణాలే చెబుతాయి. ట్రేస్ లెక్క వేయండి. 3 లోంచి మూడు ఒకట్లు తీసేస్తే సున్నా. కాంతి ఎంత ప్రచండంగా ఉన్నా ట్రేస్ సున్నాయే. అంటే స్కేలార్ గురుత్వానికి కాంతి కనబడదు. పెట్టెలో బంధిస్తే గోడల పుణ్యమా అని బరువు వస్తుంది. స్వేచ్ఛగా సూర్యుడి పక్కనుంచి పోయే కిరణానికి గోడలు లేవు, అది నిటారుగా పోతుంది.

జ్యామితి వైపు నుంచి చూసినా ఇదే జవాబు. ఒక్క సంఖ్యతో స్థలకాలాన్ని ఎంతైనా సాగదీయొచ్చు, కుదించొచ్చు, కానీ కాలంతో సహా అన్ని దిక్కుల్లోనూ ఒకే నిష్పత్తిలో చేయాలి. స్థలం ఎంత సాగిందో కాలమూ అంతే సాగితే, రెండింటి నిష్పత్తి అయిన కాంతి దారిలో ఏ మార్పూ రాదు. పది సంఖ్యలు ఉంటేనే స్థలం ఒకలా, కాలం ఇంకోలా వంగే వెసులుబాటు వస్తుంది.

సూర్యుడి అంచును ఒరుసుకుంటూ వచ్చే నక్షత్ర కాంతి వంపు సాధారణ సాపేక్షత ప్రకారం 1.75 ఆర్క్ సెకన్లు. ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు. నార్డ్‌స్ట్రోమ్ ప్రకారం సున్నా. కాంతిని వేగంగా పోయే కణంగా తీసుకుని న్యూటన్ పద్ధతిలో గట్టే లెక్కలో 0.87 వస్తుంది. ఐన్‌స్టీన్ 1911 లెక్కలో, 1913 నాటి అసంపూర్తి సిద్ధాంతంలో వచ్చినదీ దాదాపు అంతే.

బుధుడి కక్ష్య: మూడు సిద్ధాంతాలు, మూడు జవాబులు

బుధుడు సూర్యుడికి అతి దగ్గరగా వచ్చే బిందువు ఏటా కాస్త ముందుకు జరుగుతుంది. మిగతా గ్రహాల లాగుడు లెక్కేసి తీసేశాక కూడా శతాబ్దానికి 43 ఆర్క్ సెకన్ల జరుగుడు మిగిలిపోతుంది. దీన్ని మొదట పట్టుకున్నది 1859లో ఫ్రెంచ్ ఖగోళవేత్త లెవెరియే. కారణం తెలియక, సూర్యుడికి బుధుడికంటే దగ్గరగా వల్కన్ అనే గ్రహం ఉందని కూడా వెతికారు.

సిద్ధాంతాలను పోల్చడానికి ఇప్పటి భౌతిక శాస్త్రవేత్తలు గామా, బీటా అనే రెండు సంఖ్యలు వాడతారు. ద్రవ్యం చుట్టూ స్థలం ఎంత వంగుతుందో చెప్పేది గామా. గురుత్వం తన మీద తాను ఎంత పని చేస్తుందో చెప్పేది బీటా. బుధుడి లెక్కకు సూత్రం చిన్నదే: 2కి రెండు గామాలు కలిపి, ఒక బీటా తీసేసి, 3తో భాగించాలి. వచ్చినదాన్ని 43తో గుణించాలి. కాంతి వంపుకు అయితే 1కి గామా కలిపి, సగం చేసి, 1.75తో గుణించాలి.

సాధారణ సాపేక్షతలో రెండూ 1. మొదటి సూత్రంలో 2 ప్లస్ 2 మైనస్ 1 బై 3, అంటే 1. జవాబు 43. నార్డ్‌స్ట్రోమ్ సిద్ధాంతంలో గామా మైనస్ 1, బీటా అర. 2 మైనస్ 2 మైనస్ 0.5 బై 3, అంటే మైనస్ ఆరో వంతు. జవాబు మైనస్ 7. పరిమాణమే కాదు, దిక్కు కూడా తప్పు. రెండో సూత్రంలో 1కి మైనస్ 1 కలిపితే సున్నా, కాంతి వంగదు.

అయితే 1914లో కూర్చుని చూస్తే పరిస్థితి ఇంత తేటగా లేదు. ఐన్‌స్టీన్ తన మిత్రుడు బెస్సోతో కలిసి 1913లో అప్పటి సిద్ధాంతంతో బుధుడి లెక్క వేశాడు. వచ్చింది 18. అంటే పోటీలో ఉన్న ఇద్దరికీ బుధుడి దగ్గర సున్నా మార్కులే. కాంతి వంపు తేల్చడానికి 1914 ఆగస్టు 21 సంపూర్ణ సూర్యగ్రహణం అవకాశం ఇచ్చింది. ఎర్విన్ ఫ్రాయిండ్‌లిష్ బృందం జర్మనీ నుంచి క్రిమియాకు వెళ్లింది. ఈలోగా యుద్ధం మొదలై రష్యా వాళ్లు అతన్ని నిర్బంధించారు. కీవ్ దగ్గర కాచుకున్న అమెరికన్ బృందానికి మబ్బులు అడ్డొచ్చాయి. ఆ రోజు ఆకాశం తేటగా ఉండి, కొలతలు బాగా వచ్చుంటే? అసలు వంపు 1.75 కాబట్టి సున్నా అన్న నార్డ్‌స్ట్రోమూ, 0.87 అన్న ఐన్‌స్టీనూ ఇద్దరూ ఓడిపోయేవారు.

1915 నవంబరులో సమీకరణాల తుది రూపంతో ఐన్‌స్టీన్‌కి 43 వచ్చింది, ఏ సర్దుబాటూ లేకుండా. 1919 మే 29 గ్రహణాన్ని బ్రెజిల్‌లోని సొబ్రాల్ నుంచి, ఆఫ్రికా తీరంలోని ప్రిన్సిపే దీవి నుంచి బ్రిటిష్ బృందాలు కొలిచాయి. ఆ కొలతల కచ్చితత్వం మీద తర్వాత చాలా వాదనలు నడిచాయి. సున్నా మాత్రం కాదని అందరూ ఒప్పుకున్నారు. నార్డ్‌స్ట్రోమ్ అప్పటికే పంతానికి పోకుండా సాధారణ సాపేక్షతలోకి వచ్చేశాడు. ఆవేశమున్న కృష్ణబిలానికి ఆయన 1918లో రాసిన సాధన రైస్నర్ పేరుతో కలిపి ఈ రోజుకీ ప్రతి పాఠ్యపుస్తకంలో ఉంది. 1923లో 42 ఏళ్లకే చనిపోయాడు.

టెన్సర్‌కి తోడుగా వచ్చిన స్కేలార్

ఒంటి స్కేలార్ కథ అక్కడితో ముగిసింది. 1961లో ప్రిన్స్‌టన్‌లో కార్ల్ బ్రాన్స్, రాబర్ట్ డికీ ఇంకో దారి తీశారు. అంతకుముందు జర్మనీలో పాస్కువల్ జోర్డాన్ కూడా ఇదే దారిలో కొంత నడిచాడు. ఐన్‌స్టీన్ పది సంఖ్యలనూ అలాగే ఉంచుదాం, పదకొండోదిగా ఒక స్కేలార్ చేర్చుదాం. అది చేసే పని, న్యూటన్ స్థిరాంకం జీని స్థిరం కాకుండా చేయడం. చోటును బట్టి, కాలాన్ని బట్టి గురుత్వ బలమే మారుతుంది.

దీని వెనుక ఉన్నది ఎర్నెస్ట్ మాక్ లేవనెత్తిన పాత ప్రశ్న. బస్సు సడన్ బ్రేక్ వేస్తే ముందుకు తూలతాం. ఆ జడత్వం మనలోనే ఉందా, లేక సుదూర నక్షత్రాలన్నీ కలిసి ఇస్తున్నాయా? సుదూర ద్రవ్యమే ఇస్తుందనుకుంటే, విశ్వంలో మొత్తం ఎంత ద్రవ్యం ఉందనే దాన్ని బట్టి జీ నిర్ణయం కావాలి. ఫ్రెడ్ హాయిల్‌తో కలిసి మన జయంత్ నార్లీకర్ 1964లో ప్రతిపాదించిన గురుత్వ సిద్ధాంతం కూడా మాక్ ఆలోచన నుంచే పుట్టింది. అందులో ఒక కణపు ద్రవ్యరాశిని మిగతా విశ్వమంతా కలిసి నిర్ణయిస్తుంది.

బ్రాన్స్-డికీ సిద్ధాంతంలో ఒమేగా అనే ఒక సంఖ్య ఉంటుంది. అది ఎంత పెద్దదైతే స్కేలార్ ప్రభావం అంత తక్కువ. గామా విలువ కోసం 1 ప్లస్ ఒమేగాను 2 ప్లస్ ఒమేగాతో భాగించాలి. డికీ అప్పట్లో ఒమేగా 5 దగ్గర ఉండొచ్చని నమ్మాడు. అప్పుడు గామా ఏడింట ఆరు, కాంతి వంపు 1.75కి బదులు సుమారు 1.63. బుధుడి లెక్క 43కి బదులు దాదాపు 39.

మరి 43 ఉండాల్సిన చోట 39 వస్తే సిద్ధాంతం అక్కడే చచ్చిపోవాలి కదా? డికీ దగ్గర దానికి జవాబుంది. సూర్యుడు కచ్చితమైన గోళం కాదు, నడుము దగ్గర కాస్త ఉబ్బి ఉన్నాడని ఆయన, గోల్డెన్‌బర్గ్ 1967లో కొలిచి చెప్పారు. ఆ ఉబ్బు బుధుడి కక్ష్యను శతాబ్దానికి మరో 3, 4 ఆర్క్ సెకన్లు జరుపుతుంది. అంతా కలిపితే 43కి దగ్గరే! అప్పుడు ఇరుకున పడేది ఐన్‌స్టీనే, ఆయన లెక్క 46 దాటిపోతుంది. కొన్నేళ్ల పాటు ఇది నిజంగానే టెన్షన్ పెట్టిన విషయం. తర్వాత సూర్యుడి కంపనాల ద్వారా లోపలి నిర్మాణం తెలిశాక, ఉబ్బు ప్రభావం ఒక ఆర్క్ సెకనులో పదో వంతు కూడా లేదని తేలింది.

అసలు దెబ్బ 2003లో పడింది. శనిగ్రహం వైపు పోతున్న కసీనీ నౌకతో, సూర్యుడికి దగ్గరగా వెళ్లే రేడియో సంకేతాలను కొలిచి గామాను లెక్కగట్టారు. ఒకటికి, గామాకు తేడా లక్షలో రెండు మూడు వంతులకు మించదని వచ్చింది. బ్రాన్స్-డికీలో ఆ తేడా ఒకటిని ఒమేగా ప్లస్ 2తో భాగిస్తే వచ్చేదే. లక్షలో రెండున్నర వంతులు అంటే ఒమేగా 40,000. డికీ ఊహించిన 5 ఎక్కడ, 40,000 ఎక్కడ!

ఇక్కడ రెండు అభిప్రాయాలున్నాయి, రెండింటిలోనూ పస ఉంది. ఒమేగాను ఎంతైనా పెంచుకుంటూ పోవచ్చు కాబట్టి ఈ సిద్ధాంతాన్ని ఎప్పటికీ పూర్తిగా ఓడించలేం, అలాంటిదాన్ని మోసుకు తిరగడం దండగ అంటారు కొందరు. స్కేలార్‌ను మనం కావాలని తెచ్చిపెట్టడం లేదు, స్ట్రింగ్ సిద్ధాంతం లాంటి లోతైన ప్రయత్నాల్లో అది అడగకుండానే వచ్చి కూర్చుంటుంది, పైగా మౌలికమైన స్కేలార్ ప్రకృతిలో ఉంటుందని 2012లో హిగ్స్ కణం చూపించింది కదా అంటారు ఇంకొందరు. నా మొగ్గు రెండోవాళ్ల వైపు కొంచెం ఎక్కువ. కాకపోతే హిగ్స్ ఉదాహరణను అతిగా వాడుతున్నారనిపిస్తుంది. స్కేలార్ ఉండొచ్చని అది చెబుతుంది తప్ప, గురుత్వంలో ఉందని చెప్పదు.

న్యూట్రాన్ నక్షత్రం, తెల్ల మరుగుజ్జు ఒకే వేగంతో పడతాయా

రాయి, ఇనుము ఒకేలా పడతాయన్నది గెలీలియో కాలం నుంచీ ఉన్న మాట. మైక్రోస్కోప్ అనే ఫ్రెంచ్ ఉపగ్రహం టైటానియం, ప్లాటినం దిమ్మెలతో దీన్ని పరీక్షించింది. పది కోట్ల కోట్లలో కొద్ది వంతుల కచ్చితత్వంతో తేడా కనబడలేదని 2022లో తుది ఫలితాలు వచ్చాయి.

స్కేలార్ సిద్ధాంతాలకు ఇంతకంటే కఠినమైన పరీక్ష ఒకటుంది. ఒక వస్తువును కూడగట్టి ఉంచే గురుత్వ శక్తి కూడా మిగతా శక్తిలాగే పడుతుందా? సాధారణ సాపేక్షత అవునంటుంది. స్కేలార్ తోడున్న సిద్ధాంతాలు మామూలుగా కాదంటాయి. దీన్ని 1968లో కెన్నెత్ నార్డ్‌వెడ్ ఎత్తిచూపాడు. ఈ సొంత గురుత్వ శక్తి భూమి ద్రవ్యరాశిలో వంద కోట్లలో అర వంతు కూడా ఉండదు. అయినా అపోలో యాత్రికులు చంద్రుడి మీద పెట్టి వచ్చిన అద్దాలకు లేజర్ కొట్టి, భూమి, చంద్రుడు సూర్యుడి వైపు ఒకేలా పడుతున్నాయని తేల్చారు. పేలిన నక్షత్రం మిగిల్చే అతి దట్టమైన ముద్ద, న్యూట్రాన్ నక్షత్రం; అందులో ఈ వాటా పది శాతం దాటుతుంది. అక్కడ దాక్కునే చోటే లేదు.

అందుకు సరిగ్గా సరిపోయే వ్యవస్థ 2014లో ప్రకటించిన పీఎస్ఆర్ జే0337+1715. ఒక పల్సర్ (క్రమం తప్పకుండా సంకేతాలు పంపే న్యూట్రాన్ నక్షత్రం), దాని చుట్టూ 1.6 రోజులకోసారి తిరిగే తెల్ల మరుగుజ్జు (ఇంధనం అయిపోయి కుంచించుకున్న నక్షత్రం). ఈ జంట మొత్తం 327 రోజులకోసారి ఇంకో తెల్ల మరుగుజ్జు చుట్టూ తిరుగుతుంది. బయటి నక్షత్రం వైపు లోపలి రెండూ పడుతున్నాయి. ఒకటి సొంత గురుత్వంతో బిగుసుకున్నది, ఇంకొకటి దాదాపు మామూలుది. పల్సర్ టిక్కుటిక్కును ఏళ్ల తరబడి లెక్కపెట్టి చూస్తే, వాటి త్వరణాల్లో తేడా పది లక్షల్లో 2.6 వంతులకు మించదని 2018లో తేలింది.

ఊసరవెల్లి స్కేలార్, ఒక గామా మెరుపు

సౌరకుటుంబంలో ఎక్కడా కనబడని స్కేలార్ విశ్వస్థాయిలో మాత్రం పనిచేస్తుందని ఎలా అంటారు? దానికి జస్టిన్ ఖౌరీ, అమాండా వెల్ట్‌మన్ 2004లో ఇచ్చిన జవాబు ఊసరవెల్లి క్షేత్రం. చుట్టూ ద్రవ్యం దట్టంగా ఉంటే ఈ స్కేలార్ బరువెక్కి, దాని ప్రభావం అతి చిన్న దూరానికే ఆగిపోతుంది. గెలాక్సీల మధ్య ఖాళీలో తేలికై, చాలా దూరం పనిచేస్తుంది. వినగానే సాకులా అనిపిస్తుంది, నాకూ అలాగే అనిపించింది. కానీ ఇది పరీక్షకు నిలబడే సాకు. మంచి శూన్యంలో ఒక్క అణువును వదిలితే, ఊసరవెల్లికి దాక్కోవడానికి కావలసినంత ద్రవ్యం దాని దగ్గర ఉండదు. బర్క్‌లీలో సీజియం అణువులను చిన్న అల్యూమినియం గోళం పక్కన వదిలి 2015లో ఇదే చేశారు. అదనపు లాగుడు కనబడలేదు. ఊసరవెల్లికి మిగిలిన చోటు బాగా తగ్గిపోయింది.

ఇంకో పెద్ద కుటుంబం గ్రెగరీ హార్న్‌డెస్కీ 1974లో రాసిన సాధారణ రూపం నుంచి వచ్చింది. ఒక టెన్సర్, ఒక స్కేలార్‌తో పిచ్చి ఫలితాలు రాకుండా ఏయే సమీకరణాలు రాయొచ్చో అందులో ఉంది. ఆ తర్వాత ఆయన భౌతిక శాస్త్రం వదిలి చిత్రకారుడయ్యాడు. దశాబ్దాల తర్వాత డార్క్ ఎనర్జీ మనుషులు ఆ సమీకరణాలను దుమ్ము దులిపి బయటికి తీశారు. వాటిలో చాలా రూపాల్లో గురుత్వ తరంగాలు, అంటే స్థలకాలంలో వ్యాపించే అలలు, కాంతి వేగంతో పోవు.

2017 ఆగస్టు 17న రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్న సంకేతం, గురుత్వ తరంగాలను పట్టే లైగో, వర్గో పరికరాలకు అందింది. 1.7 సెకన్ల తర్వాత గామా కిరణాల మెరుపు వచ్చింది. ఆ గెలాక్సీ సుమారు 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అన్ని కోట్ల ఏళ్ల ప్రయాణంలో తేడా రెండు సెకన్లు కూడా లేదు! ఆ కొద్ది తేడా కూడా మెరుపు ఆలస్యంగా పుట్టడం వల్ల వచ్చి ఉండొచ్చు. ఏ విధంగా చూసినా రెండు వేగాలకూ తేడా వెయ్యి లక్షల కోట్లలో మూడు వంతులకు మించదు. హార్న్‌డెస్కీ కుటుంబంలో డార్క్ ఎనర్జీ కోసం తయారుచేసుకున్న మోడళ్లు చాలావరకు ఒక్క రోజుతో చెత్తబుట్టలోకి పోయాయి. బ్రాన్స్-డికీ లాంటి సరళమైనవాటికి మాత్రం ఈ దెబ్బ తగలలేదు. వాటిలో గురుత్వ తరంగాలు మొదటి నుంచీ కాంతి వేగంతోనే పోతాయి.

డెసీ వార్తల్లోని స్కేలార్ ఏది

1988లో భారత్ రాత్రా, జేమ్స్ పీబుల్స్ ఒక జంటగా, క్రిస్టొఫ్ వెటెరిష్ విడిగా ప్రతిపాదించిన స్కేలార్ తర్వాత క్వింటెసెన్స్ అనే పేరుతో స్థిరపడింది. ఇది గురుత్వ నియమాన్ని మార్చదు. జీ స్థిరంగానే ఉంటుంది, బుధుడు 43 దగ్గరే ఉంటాడు, కాంతి 1.75 దగ్గరే వంగుతుంది. విశ్వమంతా నిండి నెమ్మదిగా విలువ మార్చుకునే పదార్థం లాంటిది అంతే. ఐన్‌స్టీన్ సమీకరణాల్లో ఎడమ వైపున ఉండే జ్యామితిని కాకుండా, కుడి వైపున ఉండే శక్తి పద్దును ఇది మారుస్తుంది. ఇది నిజమైతే ఐన్‌స్టీన్ తప్పు అన్న శీర్షికకు అర్థం లేదు.

డార్క్ ఎనర్జీ పీడనాన్ని దాని శక్తి సాంద్రతతో భాగిస్తే వచ్చే సంఖ్య ఇక్కడ కీలకం. డార్క్ ఎనర్జీ ఎప్పటికీ మారనిది, అంటే విశ్వ స్థిరాంకం, అయితే అది కచ్చితంగా మైనస్ 1. సాదా క్వింటెసెన్స్‌లో మైనస్ 1 కంటే కాస్త పైన ఉంటుంది, కిందికి దిగదు. డెసీ కొలతలను సూపర్‌నోవాలతో (పేలిపోయే నక్షత్రాలతో), విశ్వ తొలి కాంతితో కలిపి చూస్తే ఆ సంఖ్య గతంలో మైనస్ 1 కింద ఉండి, ఇప్పుడు పైకి వచ్చినట్టు సూచన ఉంది. ఇదే నిజమైతే సాదా క్వింటెసెన్స్ చాలదు. స్కేలార్ గురుత్వంతో నేరుగా ముడిపడితే ఆ గీత దాటడం సాధ్యమే. అంటే మూడో రకం మెల్లగా రెండో రకం వైపు జరుగుతోంది, ఐన్‌స్టీన్ పేరు కాస్త న్యాయంగా వినిపించేది ఇక్కడే.

సూచన బలం ఏ సూపర్‌నోవా జాబితా వాడారన్న దాన్ని బట్టి 2.8 నుంచి 4.2 సిగ్మా దాకా మారుతోంది (సిగ్మా ఎంత ఎక్కువైతే అది కాకతాళీయం అయ్యే అవకాశం అంత తక్కువ). కొత్త సంగతి కనిపెట్టామని చెప్పడానికి మామూలుగా 5 సిగ్మా అడుగుతారు. జాబితా మారితే ఇంత తేడా రావడం చూసి, లోపం సూపర్‌నోవా కొలతల్లోనే ఉండొచ్చని అనుమానించేవాళ్లు తక్కువేమీ లేరు.

స్కేలార్ ఉందో లేదో గురుత్వ తరంగం ఆకారమే చెప్పగల దారి ఒకటి ఉంది. గుండ్రంగా పేర్చిన కణాల గుండా ఐన్‌స్టీన్ తరంగం పోతే, వలయం ఒక వైపు సాగి, దానికి అడ్డంగా కుదించుకుంటుంది. స్కేలార్ తరంగం పోతే వలయం మొత్తం ఒకేసారి పెద్దదై, ఒకేసారి చిన్నదవుతుంది. అమెరికాలోని రెండు లైగో పరికరాలూ దాదాపు ఒకే దిశలో అమర్చి ఉన్నాయి కాబట్టి ఈ రెండింటినీ విడదీయడం వాటికి కష్టం. ఇటలీలోని వర్గో 2017లో తోడయ్యాక, తరంగం మొత్తం స్కేలారే అనే అవకాశాన్ని కొట్టేయగలిగారు. టెన్సర్ తరంగంలో కొద్దిగా కలిసి ఉన్న స్కేలార్‌ను పట్టుకోవాలంటే వేరే దిశల్లో అమర్చిన పరికరాలు ఇంకా కావాలి. అలాంటి పరికరమే, కేంద్ర మంత్రివర్గం 2023 ఏప్రిల్‌లో సుమారు 2,600 కోట్ల రూపాయలతో ఆమోదించిన లైగో-ఇండియా, మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో వస్తోంది.